చెకుముకి ఆదివారం

మన్ననూరు చెక్‌పోస్టు కాడ
పొద్దున ఆరున్నరకు పదకొండు మందిమి,
తలా ఆరువందలు కట్టి వచ్చినోళ్ళం.
ఒక పండ్ల డాక్టరు, ఇద్దరు డిగ్రీ పోరగాళ్ళు,
కొత్త బూట్లు కరిచి అప్పుడే కుంటుతున్న రిజిస్ట్రారు సారు,
దేవరకొండల కరెంటు మీటర్లు చదివే నేను.

మమ్మల్ని తోలుకపోయేటామె ఈదమ్మ.
చేతిల ఒక కర్ర, కొనకు ఇనుప పొన్ను.
కాళ్ళకు ఏమీ లేదు.
"అడివిని ఎన్కకు చూద్దురు,
ముందు మీ కాళ్ళను చూసుకోండ్రి" అన్నది.
అర్ధగంట నడిచినం. ఇంకో మాట అనలే.

మొదలు తాడు.
మోదుగ వేరును బండ మీద పెట్టి
బట్టలుతికినట్టు బాదింది.
తొడ మీద నార పరిచి అరచేత్తో ఒక్క తోపు తోస్తే
రెండు పాయలు పెనుగులాడి పెనవేసుకున్నయ్.
నా తాడు మాత్రం
చెయ్యి తియ్యంగనే విప్పుకొని పండింది.
"నువ్వు పేనుతలేవు బిడ్డా, బుజ్జగిస్తున్నవ్."

ఈ తాడు మీదనే కొండకొమ్ము నుంచి
తేనెకు దిగుతరంట.
పైన పట్టుకునేది అన్న కాదు, తమ్ముడు కాదు, బామ్మర్ది.
"అన్నదమ్ములకు పాలు యాదికొస్తయ్,
బామ్మర్దికి అక్క మెడ యాదికొస్తది."
డాక్టరు నవ్విండు.
రిజిస్ట్రారు సారు నవ్వలే.
పాలు పంచే కాగితాల మీద ముప్పై ఏండ్లు ముద్దరేసినోడు.

తర్వాత గడ్డ.
మాఘమాసం ఎండకు తీగ ఎండి తెగిపోయింది,
ఒక దారపు పోగంత జాడ మిగిలింది.
దాని ఎంబడి మోకాలు లోతు తవ్వితిమి.
రాళ్ళు, రాళ్ళ కింద రాళ్ళు.
నా అరచేతిల బొబ్బ లేచి పగిలినంక
మన్ను నడుమ తెల్లగ కనబడ్డది.
సంబురంగ మొత్తం పీకబోతే
కర్రతోని నా మణికట్టు మీద కొట్టింది, గట్టిగనే.
తలకాయ కోసి నా చేతిలవెట్టి,
"ఇది మనది కాదు, పాతు" అన్నది.
తవ్విన గుంతలనే పాతిన.
పొద్దటి సంది నేను సక్కగ చేసిన పని అదొక్కటే.

నిప్పు అడివిల చెయ్యనియ్యలే.
పులుల అడివి, కాయిదా ఉన్నది.
చెక్‌పోస్టు ఎనక సిమెంటు గచ్చు మీద,
బీటాఫీసరు జహంగీరు బకెట్ల నీళ్ళు పట్టుకొని నిలబడంగ,
చిన్న బుర్రల నుంచి బూరుగు దూది తీసింది ఈదమ్మ,
రాయి తీసింది, ఇనుప ముక్క తీసింది.
మూడో దెబ్బకు దూది అంచు ఎర్రబడ్డది.

ఇరవై రెండేండ్ల సంది
ఊరి వెలుగును యూనిట్లల్ల లెక్కగడుతున్న.
నాకు నలభై దెబ్బలకు ఒక రవ్వ రాలే.
బొటనవేలు మాత్రం చితికింది.
పోరగాడొకడు వీడియో తీస్తనే ఉన్నడు.

అయినంక ఆమె గోడకు ఒరిగి
కొంగుముడి ఇప్పి అగ్గిపెట్టె తీసి
బీడీ ముట్టించుకున్నది.
నేను చూసుడు చూసి,
"ఇంట్ల పొయ్యి కావాలె నాకు,
మీకేమో కత కావాలె" అన్నది.

సాయంత్రం అందరికీ సర్టిఫికెట్లు పంచిండ్రు.
బంగారు అంచు, నడుమల మా పేర్లు.
ఈదమ్మ నాది తీసుకొని తిప్పి తిప్పి చూసింది.
"ఇండ్ల నేనేడున్న?"
జహంగీరు బకెట్ల నీళ్ళు మొక్కకు పోసిండు.
నేను కాగితం మడిచి జేబుల పెట్టుకున్న.
మడిచినందుకు ఇప్పటికీ ఏదోలా ఉంటది.

సోమవారం పెన్షన్‌పుర గల్లీల
మీటరు కింద నిలబడి బిల్లు కొడుతుంటే
ఇంటామె అడిగింది, చెయ్యికేమైందని.
గడ్డ పాతిన అన్న.
తవ్విన అనబోయి.
"బిల్లెందుకు ఇంతొచ్చింది?" అన్నదామె.
నేను వానలెప్పుడు పడతయో లెక్కవేస్తున్న.