తొమ్మిదో కోడు

సూర్యారావుపేటలో మూడో అంతస్తు మాది.
కింద జిరాక్సు షాపు, పక్కన రక్తపరీక్షల లాబు.
నా పని అంకెలు కొట్టడం,
ఫారానికి నాలుగు రూపాయలు.

ప్రత్తిపాడు అవతలి చేలనుంచి
సుభానీ తెచ్చిన కట్ట విప్పగానే
తుమ్ములే తుమ్ములు.
మిరపకోతల మధ్య కూర్చుని రాసిన కాగితాలు మరి,
మడతల్లో ఎర్రటి నలుసులు,
ఒకచోట గింజ కూడా.

ప్రశ్న పద్నాలుగు: ఊరు ఎందుకు విడిచారు?
ఒకటి, కూలి. రెండు, పెళ్లి. మూడు, వరద.
అలా ఎనిమిది దాకా.
తొమ్మిది, ఇతరములు.

రెండొందల పదకొండో ఫారం సోడి ఇడ్మెది.
వయసు ముప్పై, అది కొట్టేసి నలభై,
అదీ కొట్టేసి ఏమీ లేదు.
శాశ్వత చిరునామా దగ్గర
పెన్ను ఆగినంతసేపూ సిరా ఊరి చుక్క లావయింది.
దాని పక్కన: శబరి అవతల. ఇప్పుడు లేదు.
లేనిది ఊరో, ఇల్లో,
సుభానీ అడిగినట్టు లేడు.

పద్నాలుగుకి కోడు వెయ్యలా.
అంచున పెన్సిలుతో, అడ్డంగా, ఆమె మాటే రాశాడు:
"రాత్రి కొందరొచ్చి అన్నం పెట్టమన్నారు. పెట్టాం.
తెల్లారి వేరేవాళ్లొచ్చి ఎందుకు పెట్టారన్నారు.
మూడోరోజు పొయ్యి వెలిగించలేదు."

అంతే.

గడిలో ఒక్క అంకె పడుతుంది.
ఫోన్ చేస్తే, "తొమ్మిది కొట్టెయ్యక్కా" అన్నాడు సుభానీ.
వెనక ట్రాక్టరు మోత, ఎవరిదో పిల్ల ఏడుపు,
నాకు రాని భాషలో దాన్ని ఊరుకోబెట్టడం.

కొట్టాను.
కొట్టాక చూస్తే ఆ కట్టలో సగం తొమ్మిదులే.
రేపు రిపోర్టులో గుండ్రటి బొమ్మ గీస్తారు,
కూలికి పచ్చ, పెళ్లికి గులాబి.
ఇతరములకు ఎప్పుడూ బూడిద రంగే.

మమ్మల్నీ ఒకాయన ఇలాగే రాసుకెళ్లాడు,
కృష్ణలంక కట్టమీంచి జక్కంపూడి పంపేముందు.
అమ్మ పేరు, గిన్నెల లెక్క, రేషన్ కార్డు నంబరు.
మాకు మూడో కోడు పడే ఉంటుంది, వరద.
ఆ ఏడు నీళ్లు రాలా.
గుమ్మానికి ఎర్ర రంగుతో గీత గీశారు, అంతే.
ఆ గీత మీద మా చెల్లి
పసుపు రాసి బొట్లు పెట్టింది, పండగేమో అనుకుని.

ఎక్కించిన ఫారాలు శనివారం పాతకాగితాల బండికి పోతాయి.
రెండొందల పదకొండుని మాత్రం
పేరున్న ముక్క లోపలికి మడిచి
కిందికి పట్టుకెళ్లాను.

జిరాక్సు కుర్రాడు తిప్పి చూశాడు.
"పెన్సిలు సరిగా పడదక్కా. ఎందుకిది?"

నోట్లో ఉన్న మాటే వచ్చేసింది:
"తొమ్మిది."

వాడు తలూపి
తొమ్మిది కాపీలు తీశాడు.

పద్దెనిమిది రూపాయలు.
నాలుగున్నర ఫారాల కూలి.
వద్దనలేదు.