బేకరీ వెనక గోడ

లగ్గెరె మూడో క్రాసులో
రాత్రి ఎనిమిదికి బన్నుల పని ముగుస్తుంది.
ఓవెన్ ఆరినా
దాని వెనక ఇటుక గోడ తెల్లారేదాకా చల్లారదు.

"గోడకి మీటరు లేదులే, రాండి" అని
దస్తగిరి గది తెరిచి పెట్టినాడు.

కరెంటు బిల్లుకి జడిసి
నీళ్ల కాయిలు అటకెక్కించిన ఓబుళమ్మ,
గార్మెంట్స్ నుంచి సుంకులమ్మ,
ఎక్కాల పుస్తకంతో ఆమె కొడుకు.
మైదా సంచులే చాపలు.

ఎవరూ చలి అనరు.
"ఊరికే, మాట్లాడి పోదామని" అంటారు.

నిన్న ఒకాయన గుమ్మంలోనే నిలబడి
బన్ను ధర అడిగి, జేబు తడుముకుని,
మళ్లీ అదే ధర అడిగాడు.
ఓబుళమ్మ ఏమీ అనలేదు.
పక్కకి జరిగింది,
తన వీపు ఆనిన చోటు అతనికి వదిలి.

పిల్లాడు ఏడో ఎక్కం మధ్యలో నిద్రపోయాడు.
చెంప మీద ఇటుక గీత.