కొక్కేనికి ఉన్న కోటు

నార్వాలో, నది ఒడ్డున,
పాత నూలు మిల్లు మూడో అంతస్తులో
మేం నలుగురం ఒక భయాన్ని తయారుచేస్తున్నాం.
మధ్యాహ్నం మూడింటికే కిటికీలు నల్లబడతాయి.
నది అవతల ఇంకో దేశం దీపాలు పెట్టుకుంటుంది.

ఆటకి కథ కుదిరింది: మూతపడ్డ రేవు,
వెళ్లిపోవడం మరిచిన కొందరు మనుషులు.
కుదరనిది బొమ్మే.
రోదియోన్ గోడల నిండా నెత్తురు పూశాడు.
తావెత్ గీసిన ప్రతి నోట్లోనూ పళ్లెక్కువ.
లేలో మాత్రం పొగమంచు, పొగమంచు, మళ్లీ పొగమంచు.
"ఏమీ గీయకుండా తప్పించుకునే దారి" అని తావెత్ గొణిగాడు.
పక్కపక్కన పెట్టి చూస్తే
నాలుగు పెళ్లిళ్ల నుంచి దారి తప్పి
ఒకే పందిట్లో కూచున్న చుట్టాల్లా ఉన్నాయి.

"నువ్వే ఏదో ఒకటి తేల్చు, విర్వె" అన్నారు.
పేరుకి పెద్దరికం. చేతిలో ఉన్నది
ఒక తెల్ల కాగితం, సగం అరిగిన పెన్సిలు.
ఎరుపు వద్దు, అని రాశాను.
వెలుగు ఒక్క చోటి నుంచే, అదీ మోకాలి ఎత్తులోంచి.
తలుపులన్నీ మనిషి కన్నా బెత్తెడు ఇరుకు.
కూరలో ఉప్పులా భయానికీ కొలతలా అని
రోదియోన్ నవ్వాడు.
నిజమే. కొలత రాశాను గానీ
రుచి నాకే తెలియదు.
కొట్టేశాను.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం కరెంటు పోయింది.
హీటర్లు చల్లారాయి.
లేలో ఫోను నేల మీద ఆనించి వెలిగించి,
వణుకుతూ అంది:
"తావెత్, నీ కోటు కాసేపు కప్పుకోనా?"
"ఏ కోటు?"
తలుపు పక్క కొక్కెం చూపించింది.
"అది రోదియోన్‌ది కదా."
రోదియోన్ నా వైపు చూశాడు.
నేను, మూడు నెలలుగా,
అది లేలోదే అనుకుంటున్నాను.

ఎవరూ లేవలేదు.
తడిసిన బూడిదలో పాచి కలిసినట్టు దాని రంగు.
ఎడమ మోచేతి దగ్గర వంపు,
ఇప్పుడే ఎవరో చెయ్యి లాక్కున్నట్టు.
ఒకసారి కింద పడితే నేనే దులిపి తగిలించాను,
తెలిసినవాళ్ల భుజం తట్టినంత చనువుగా.
నెత్తురు లేదు, పళ్లు లేవు, మంచు లేదు.
ఒళ్లు జలదరించింది
నలుగురికీ ఒకేసారి, ఒకేలా.
ఇన్నాళ్లూ మా బొమ్మలకి చేతకానిది అదే.

ఆ రాత్రి కాగితం మీద ఒక్క వాక్యం మిగిల్చాను:
ఎవరిదో ఒకరిదని అందరూ అనుకునే వస్తువు
ప్రతి బొమ్మలో ఒకటుండాలి.
రంగులన్నీ కోటు నుంచే తీసుకున్నాం,
అస్తరు మీది పాత టీ మరకతో సహా.
తావెత్ పళ్లు చెరిపేసి
నలుగురి బల్ల మీద ఐదో కప్పు పెట్టాడు.
రోదియోన్ తన గోడలు కడుక్కున్నాడు.
లేలో మంచు కొంచెం తొలగించింది: గడప బయట
లోపలి వైపు తిరిగి ఉన్న బూట్ల జత.
ఇరుకు తలుపులూ తిరిగొచ్చాయి,
మోకాలి ఎత్తు వెలుగూ.
ఈసారి ఎందుకో తెలిసి.

మార్చిలో బాయిలరు చూడ్డానికి హిల్లార్ వచ్చాడు.
"ఓహో, ఇక్కడ మరిచానా నిన్ను!" అని
కోటు తొడుక్కుని, జేబులోంచి
ఎండిన నారింజ తొక్క తీసి మా చెత్తబుట్టలో వేసి,
ఈల వేసుకుంటూ మెట్లు దిగిపోయాడు.
పగలబడి నవ్వాం. తావెత్‌కి కళ్లలో నీళ్లొచ్చాయి.

మర్నాటి నుంచి మాత్రం
ఎవరి కోటు వాళ్లు కుర్చీకే తగిలించుకుంటున్నాం.

లేలో ఆ ఖాళీ కొక్కెం గీసి నాకిచ్చింది.
రంగు సరిపోయింది. వెలుగు కింద నుంచే.
అలాంటప్పుడు నీడ పైకి పోవాలి.
ఆమె నీడ కిందికి సాగి ఉంది,
ఇంకా ఏదో బరువు మోస్తున్నట్టు.
దిద్దమని చెప్పబోయి
పెన్సిలు పక్కన పెట్టాను.