వాలు

గోడకి సుత్తి పడిన పొద్దునే
మా ఇంట్లో తొమ్మిదిమందికీ తలో ఆలోచన పుట్టింది.
పెద్దాడు ఫోన్లో చూపించాడు,
గాజు తలుపు, బొగ్గులా నిగనిగలాడే గోడలు,
కప్పులోంచి వానలా పడే షవరు.
తోడికోడలు సుభాషిణికి గీజరు చాలు,
అదీ స్టూలెక్కకుండా చెయ్యందే చోట.
మామగారిది ఒకటే మాట:
"ఏటైనా సెయ్యండి గానీ
కింద కూకునేది మాత్రం తియ్యకండి."
మా ఆయన టేపు పట్టుకుని
ఐదున్నర బై ఏడు, ఐదున్నర బై ఏడు
అని గొణుగుతూనే ఉన్నాడు,
జపిస్తే గది పెరుగుతుందేమో అన్నట్టు.

నన్నెవరూ అడగలేదు.
అడిగితే చెప్పేదాన్ని:
నాక్కావాల్సింది సరిగ్గా పడే గడియ.

పర్లాకిమిడి వచ్చి ఇరవై రెండేళ్లు.
ఈ ఇంట్లో నేను లోపల్నుంచి వేసుకోగలిగిన తలుపు
అదొక్కటే.
అదీ వానాకాలం ఉబ్బిపోతే గడియ పడదు.
ఎడమచేత్తో తలుపు నొక్కిపట్టి
కుడిచేత్తో తలంటుకున్న ఆదివారాలు ఎన్నని!
జీతం లెక్కలన్నీ అక్కడే వేసుకున్నాను.
అమ్మ పోయిన కబురొచ్చిన రాత్రి
బకెట్లోకి కొళాయి పూర్తిగా తిప్పి
పక్కన గచ్చుమీద కూర్చున్నాను.
నీళ్లన్నీ పోతున్నాయని
బయట ఎవరో కేకేశారు.

పాత సిమెంటు పెకలిస్తే ఎర్రగచ్చు,
దాని కింద నాపరాళ్లు,
రాళ్ల సందులో ఒక పిన్నీసూ
ఒక ఆకుపచ్చ గోలీ.
మూడేళ్లప్పుడు పెద్దాడు మింగేశాడని
బరంపురం దాకా పరిగెత్తించి
రెండు ఎక్స్‌రేలు తీయించిన గోలీ!
వాడు దాన్ని వెలుగులో పెట్టి చూసుకున్నాడు.
ఆ పూట షవరు మాటెత్తలేదు.

లింగరాజ్ సబత్ మేస్త్రి
ఒడియాలో లెక్కపెడతాడు, తెలుగులో తిడతాడు.
"ఢాలు కుదరాల మా.
ఢాలు లేపోతే ఎంత కరీదు టైలైనా దండగే."
మేం వాలంటాం, అతను ఢాలంటాడు.
మొదటి అక్షరం దగ్గరే పేచీ,
ఆపైన ఇద్దరం ఒకే చోటికి జారతాం.
టైల్సు బరంపురం నుంచి ట్రాలీలో,
పైపులు ఏరు దాటి పాతపట్నం నుంచి బండిమీద.
రెండు రాష్ట్రాల బిల్లులూ
ఒకే గుడ్డసంచిలో నలుగుతున్నాయి.

మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు
అడిగేశాను.
కిటికీ కింద ఓ అరుగు కట్టగలవా,
మూడు బిళ్లల పొడుగు?
ఎత్తెంతన్నాడు.
బకెట్టు బోర్లించి కూర్చుని చూపించాను.
చెవిమీది పెన్సిలు తీసి
నా మోకాలి ఎత్తున గోడమీద గీత గీశాడు.
"దేనికి మా?"
"తల ఆరబెట్టుకోడానికి."
తాపీ మీది సిమెంటు గీకుతూ అన్నాడు:
"మా ఇంటిది కూడా అదే సెప్పింది.
నాను మరేటీ అడగకుండా కట్టేసినాను."

ఆఖరి రోజు వాలు పరీక్ష.
మగ్గుడు నీళ్లు ఓ మూల పోశాడు.
నీళ్లు కాస్త ఆలోచించి,
రెండు వేళ్ల మేర గుమ్మంవైపు వచ్చి,
అక్కడే ఆగిపోయాయి.
మా ఆయన పరవాలేదన్నాడు.
సబత్ వినలేదు.
మోకాళ్లమీద కూర్చుని నాలుగు బిళ్లలు పీకి,
చీకటిపడేదాకా మళ్లీ పరిచాడు.
రెండో మగ్గు
ఎవరో పిలిచినట్టు
తిన్నగా జాలీలోకి పోయింది.

కొత్తగదికి వరస కట్టారు ఇంటిల్లిపాదీ.
అందరి తర్వాత నా వంతు.
ఇత్తడి గడియ
టక్కున, మారాం లేకుండా పడింది.
అరుగు చల్లగా ఉంది.
పాదాల దగ్గర ఒక చెంబు ఒంపి
కూర్చున్నాను.

"ఇంకా ఎంతసేపు?" తలుపు తట్టారు.
"నీళ్లెటు పోతున్నాయో చూస్తున్నా" అన్నాను.

ఈసారి అబద్ధం కాదు.