తూకం

తలుపు తీసుకొని నర్సమ్మ బయటికొచ్చింది గానీ
చెప్పాల్సిన మాట లోపలే పెట్టొచ్చింది.
"బిడ్డ ఏడ్చింది, బాగుంది" అని
చేతిలో కాగితం మడుచుకుంది.
"ఏం బిడ్డ?" అనింది మా అక్క.
అక్కే నాకు అత్త. ఆమె కూతురే సుంకులమ్మ, నా పెండ్లాం.

కర్నూలు పెద్దాసుపత్రి వరండాలో
తొమ్మిది రాత్రులు పండుకుంటి.
ఫోన్ చేసినోళ్ళందరిదీ ఆ ఒక్క ప్రశ్నే.
పాలు తాగుతాందా అని ఒక్కరూ అడగలే.
బేతంచెర్ల పాలిషింగ్ కాడ మేస్త్రీకి మాత్రం
"ఆకలి పుట్టింది మామా, బో పెద్దాకలి" అని చెప్తి.

పదోనాడు ఆ ఆకలీ పోయింది.
తాగింది కక్కి, కండ్లు తేలేసి
తడిగుడ్డ మాదిరి నా చేతుల్లో వాలింది.

షమీమ్ డాక్టరమ్మ ఉరుక్కుంటా వచ్చింది.
సన్న సూది, సన్న గొట్టం, ఉప్పునీళ్ళు.
తెల్లారుజామున మందుచీటీ వెనకాల
చిక్కుడుగింజ లాంటి కిడ్నీ గీసి
దాని నెత్తిన టోపీ పెట్టింది.
"ఈ గ్రంథిలో ఒక ఎంజైము తక్కువ.
దానికే ఒంట్లో ఉప్పు నిలవడంలే.
దానికే కడుపులో ఉన్నప్పుడు మగ హార్మోను ఎక్కువై
పైరూపు మారింది. లోపల గర్భసంచి ఉంది.
నీలో ఒక తప్పక్షరం, ఆమెలో అదే తప్పక్షరం.
ఒకింటి నెత్తురు కదా, రెండూ బిడ్డలో కలిసినాయి.
ఎవరి పాపమూ కాదు."

మా అక్క గోడవైపు తిరిగి కూచునింది.

"కోసి సరిచేస్తారంట గదా" అంటి.
పదిహేడేండ్లుగా నాపరాయి కోస్తాండా.
బ్లేడు దిగినాక
బండ మళ్ళీ ఒకటి కాదని నాకంటే ఎవరికెరుక?
అయినా అడిగితి.
డాక్టరమ్మ నా వేళ్ళ పగుళ్ళు చూసి,
"తొందరేముంది మద్దిలేటీ, పెద్దది కానీ.
ఒళ్ళు తనది. తన్నే అడుగుదాం."

ఇప్పుడు మూడు పూటలా మాత్రల పొడి,
జొరమొస్తే రెండింతలు.
రోజుకొక గ్రాము ఉప్పు, ఎనిమిది పాళ్ళు చేసి పాలల్లో.
"చిటికెడు అనొద్దు, కొలవండి" అని మరీ మరీ చెప్పినారు.

గోడవైపు తిరిగిన మా అక్కే
బంగారంగడి సేటును బతిమాలి
పాత త్రాసు ఒకటి తెచ్చింది.
ఫ్యాను ఆపి, ఊపిరి బిగబట్టి
ముక్కుపుడక తూచినట్టు ఉప్పు తూస్తాంది.

పక్కింటి లచ్చుమక్క గడపలో నిలబడి,
"ఇంతకీ ఏం బిడ్డే?"

అక్క తలెత్తలే.
"ఉండుమే, తూకం పోతాది."