చెంబు సీను

నదికవతల మంచిర్యాల టాకీసుల
ఆ సినిమా ఆడింది తొమ్మిదంటే తొమ్మిది రోజులు.
నేను పోయిన్నాడు పదిహేడు మందిమి,
అండ్ల ఇద్దరు నిద్రకొచ్చినోళ్ళు.
ఆడమనిషి ఒక్కతి లేదు.
గోడమీది పోస్టరు చూసి థూ అనని నోరు లేదు.

నాలుగు నెలలకు అదే సినిమా
క్యాసెట్టయి, గట్టుపోశం పడవెక్కి,
ఎండుమిరపకాయల బస్తాల నడుమ కూసొని
ప్రాణహిత దాటి సిరొంచకొచ్చింది.
డబ్బా తెరవంగనే తుమ్మిన.
శకునం మంచిదన్నడు పోశం, పడవకిరాయి పెంచిండు.

డబ్బా మీద పేరు తెలుగక్షరాల్ల ఉంది.
నాకు రాదు.
మాట్లాడేది తెలుగే, తిట్టేది తెలుగే,
జ్వరమొస్తే పలవరించేది గూడ;
బడిల దిద్దింది మాత్రం మరాఠీ.
మా ఊళ్ళె సగం మందిమి గింతే,
అమ్మను పిలవొస్తది, రాయరాదు.
అందుకే చీటీ అంటించి
మరాఠీ అక్షరాల్ల నేనే పేరు పెట్టిన:
చెంబు.

ఏమంటే కథ గిది.
పిల్లను చూడవోయిన పిలగాడు
ఆత్రంగ పదకొండు గారెలు మెక్కుతడు.
పెద్దమనుషులు ముహూర్తం తీస్తుంటే
వాని కడుపు ఇంకో ముహూర్తం తీస్తది.
జొన్నచేన్ల పడి ఉరుకుతడు.
ఆ తర్వాతి చప్పుళ్ళకు
డప్పు కలిపిండు, సన్నాయి కలిపిండు,
ఆఖరికి రైలుకూత గూడ కలిపిండు
ఆ డైరెక్టరు, సిగ్గులేనోడు.

అప్పుడొస్తది పిల్ల.
చెంబు పట్టుకొని గట్టుమీద నిలబడి,
మొఖం అటు తిప్పుకొని,
"తొందర లేదు" అంటది.
"నీళ్ళున్నయి. నేనున్న."

మగోళ్ళ బేరమే అనుకున్న నేను.
తునికాకు పైసలొచ్చిన వారం
సాలోళ్ళ వాడకట్టు ఆడోళ్ళు
తలా ఐదు రూపాయలేసుకొని
టీవీ, వీసీఆర్, చెంబు, మూడూ పట్టుకపోయిన్రు.
మొగుళ్ళను అరుగుల మీదికి తోలి
లోపట గొళ్ళెం పెట్టుకున్నరు.
చీకటి పడ్డంక వాకుడ్కర్ గురూజీ వచ్చిండు.
తెలుగు ముక్క రాదాయనకు.
"ఆ పానకతల... ఆ లోటాది ఉందా" అన్నడు, పేపరు చాటున.
ఆ చప్పుళ్ళకు ఏ భాష గావాలె!

టేపు ఎక్కువ తిరిగిన కాడ అరుగుతది.
వానపాట కాడ అరుగుతదనుకున్న,
హీరోయిను తడిసే కాడ.
ఆ పాట కొత్తరూపాయి లెక్క మెరుస్తనే ఉంది.
తెల్లగీతలు పడ్డది గట్టుకాడ.
జొన్నచేను మీద మంచు కురిసినట్టు
పిల్ల మొఖం గనవడది, చెంబు గనవడది,
మాట ఒక్కటే మిగిలింది.
ఒకనాడు సరిగ్గ ఆడికి రాంగనే కరెంటు వోయింది.
చిమ్మచీకట్ల ముప్పైమంది ఆడోళ్ళు
ఒక్కగొంతుతోని అందుకున్నరు:
నీళ్ళున్నయి, నేనున్న.
బయట అరుగుల మీద
బీడీలు ఆరిపోయినయి.

మా ఈరుబాయి మాత్రం చూడనన్నది.
"పాడు సినిమా, నా ఇంట్ల పెట్టకు" అన్నది.
సరే, కొట్లనే ఉంచిన.

ఆ వానకాలం పుష్కలంగ పారింది నది.
పడవ బందు. దావఖాన్ల డాక్టరు సెలవు.
ఏం తిన్ననో, గారెలైతే గాదు,
రాత్రి మూడోసారి పెరట్లకురికిన.
నడుము లేస్తలేదు, కండ్లకు చుక్కలు.
వెనుకనుంచి కందీలు వెలుగు.
చూస్తె ఈరుబాయి,
మొఖం జామచెట్టు దిక్కు తిప్పుకొని,
చేతిల చెంబు.

"తొందర లేదు" అన్నది.

చూడలేదన్నది అబద్ధమేనాయె.
ఎప్పుడు చూసింది, ఏ ఇంట్ల గొళ్ళెం వెనుక చూసింది,
అడుగుదామంటె నోరు పెగల్లే.
ఇద్దరం గమ్మునున్నం.
చూరునీళ్ళు కారుతున్నయి.

మా సిరొంచకు ఇప్పటికి గూడ రైలు రాలేదు.
ఆ రాత్రి ఒక్కసారి
కూత వినవడ్డది.

ఈరుబాయి నవ్విన నవ్వుకు
చెంబుల నీళ్ళు సగం ఒలికినయి.
మళ్ళ తెస్తనని
లోపటికి వోయింది,
ఇంకా నవ్వుకుంటనే.