కనుబొమ్మ

శనివారం రాత్రుళ్ళు, గేరీ పట్నంలో,
ఉక్కు మిల్లు మసి కిటికీలకు మీసాలు దిద్దే చోట,
వేయించిన చేపల వాసన మధ్య
నాకున్న ఉద్యోగం ఒక్కటే: స్విచ్చు.

ఆర్డెల్లా పిన్ని చేతులు రెండూ ఆర్గన్ రెండు వరసల మెట్ల మీద,
ఎడమకాలు బేసు కర్రల మీద,
కుడికాలు గొంతు పెంచే పెడల్ మీద.
దేవుడు మూడో చెయ్యి పెట్టడం మరిచాడని
నన్ను పెట్టుకుంది.
తొమ్మిదేళ్ళవాణ్ణి. స్పీకరు పక్కన
బోర్లించిన సోడా డబ్బా నా కుర్చీ.

స్పీకరు పెట్టెకు వెనక చెక్క లేదు, లోపలంతా కనబడేది:
పైన రెండు నోళ్ళ కొమ్ము
(పలికేది ఒకటే, రెండోది ఉత్త తూకానికి),
కింద నడుముకు బెల్టు బిగించుకున్న చెక్క డోలు.

పిన్ని ఎడమ కనుబొమ్మ లేస్తే వేగం.
వాలితే నిదానం.
ఇంతే కదా అనుకున్నాను.

కొమ్ము కుర్రకారు, చెప్పీ చెప్పకముందే పరుగు.
డోలు అలా కాదు. ఒళ్ళు విరుచుకుని,
ఎవరు పిలిచారని ఆలోచించి, అప్పుడు లేస్తుంది.
పాట కొసకెక్కాక నొక్కితే
పైన గాలివాన, కింద ఇంకా మధ్యాహ్నపు నిద్ర.
"చేప మాడాక తిప్పుతావా, రూయెల్?"
అంది పిన్ని, డబ్బులు లెక్కపెట్టుకుంటూ.

అప్పట్నుంచి కనుబొమ్మను కాదు, భుజాన్ని చూశాను.
ఊపిరి లోపలికి పోయే క్షణాన్ని పట్టుకున్నాను.
వేగం అందరికీ ఇష్టమే,
నాకు మాత్రం దిగడం ఇష్టం:
వణుకు విడివిడిగా, పెద్దపెద్ద అలలుగా మారుతుంటే
నమలడం ఆపేసేవాళ్ళు మిల్లు మనుషులు.

ఆ చలికాలం డ్రమ్ములు వాయించే లెమ్యుయెల్
పాత కుట్టుమిషను పెడల్ ఒకటి తెచ్చి
రెండు తీగలు అతికి, పిన్ని కుడి మడమ పక్కన బిగించాడు.
చీలమండ కాస్త వంచితే చాలు.
"ఇక అబ్బాయికి తిప్పలు తప్పాయి" అన్నాడు, మంచివాడు.

నాకు ప్లేట్లు మోసే పని ఇచ్చారు.
మూడో పాట. వంటింటి గుమ్మంలో నేను.
పిన్ని మడమ వంగింది, సరిగ్గా సమయానికి,
ఆ వెనకే ఎడమ కనుబొమ్మ లేచింది,
ఖాళీ సోడా డబ్బా వైపు.

ట్రే కింద నా బొటనవేలు
దేన్నో నొక్కింది. ఒక ప్లేటు జారింది.
కొమ్ము అప్పటికే తిరుగుతోంది.
డోలు ఇంకా రావాలి.